నేనొక్కదాన్నే చూసిన పాట

ఎనిమిదేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. చెప్పిన రోజు అది చిన్నదే. రెండు మూడు మాటలు. ఎవరన్న నన్ను మంచిదానివని అంటే ఇప్పటికీ ఆ మాటలే చెవుల పడ్తయి, తల దించుకుంట.

మీరెవరో నాకు తెల్వదు. నా పేరు మీకు చెప్పను. గట్లయితేనే చెప్పగలుగుత అనిపిస్తున్నది. నేను ఎవరి సొమ్మూ ఎత్తుకపోలే. ఎవరినీ కొట్టలే. ఒక పాటను దాచుకున్న. అంతేనా అంటరేమో. నేను కూడ చాన రోజులు గదే అనుకున్న. అంతే గద, పాటనే గద అని.

మాది నిజామాబాద్‌ల ఒక ఇరుకు గల్లీ. అమ్మ బీడీలు చేస్తది. నేను డిగ్రీ చదివేటప్పుడు ఇంట్ల మేమిద్దరమే ఉంటుంటిమి. అన్న దుబాయ్‌ల ఉండె. నాయిన తాగి తాగి అంతకు ముందటి ఏడు పోయిండు. ఆయన ఉన్నన్ని రోజులు మా ఇంటికి ఎవరూ వచ్చేటోళ్లు కాదు. నిజం చెప్పాలంటే నేనే రానిచ్చేదాన్ని కాదు. స్కూల్ల ఎవరన్న మీ ఇల్లెక్కడ అని అడిగితే, చాన దూరం అనేదాన్ని. ఆయన పోయినంక ఇల్లు చప్పుడు లేకుంట అయింది. కొట్లాట లేదు. కని మనుషులు కూడ లేరు. వచ్చే అలవాటు ఎవరికీ లేకపాయె. అమ్మ చాట ముంగటేసుకొని తునికాకు కత్తిరిస్తుంటే ఆ కత్తెర చప్పుడు ఒక్కటే ఇల్లంత.

ఫైనలియర్ల కాలేజీల మధ్య ఏదో పోటీ పెట్టిండ్రు. పిల్లలే రాసి, పిల్లలే పాడి, పిల్లలే తీసిన పాట వీడియో పంపాలె. మా తెలుగు సారు మమ్మల్ని గుంపులు చేసిండు. నా వంతుకు ఇద్దరొచ్చిండ్రు. మమత, సంజు.

మమతది ఎడపల్లి. ఎవుసం చేసేటోళ్ల బిడ్డ. క్లాసుల ఎప్పుడూ కిటికీ పక్కన కూసొని ఏదో ఒకటి పాడుకుంట ఉండేది. సంజుది బోధన్. వాళ్ల ఇంట్ల మరాఠీ మాట్లాడుతరు. వాళ్ల పప్పాకు పెండ్లి ఫోటోల స్టూడియో ఉండె. కెమెరా పట్టుకునుడు వానికి అన్నం తినుడంత సులువు. ఇద్దరూ ఒక్క బస్సులనే నిజామాబాద్ వస్తుండిరి, కని మా గుంపు పడేదాక ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట. నా దగ్గర అన్న పంపిన లాప్‌టాప్ ఉండె. గందుకని ఎడిటింగు నాది.

పాట మమత కట్టింది. పొలంల ఉన్న తండ్రికి సద్ది తీస్కపోయే పిల్ల పాట. మొదటి రెండు వరుసలు గిట్లుంటయి:

సద్ది తెచ్చిన బాపు, ఏ మడిల ఉన్నవు
చెరుకు సందులకెల్లి ఒక్కసారి పలుకరాదా

మా నడిమింట్లనే రికార్డు చేసినం. దర్వాజలకు బొంతలు కట్టినం. పక్కింటోళ్లను జరసేపు సప్పుడు చెయ్యకుండ్రని బతిమాలిన. అంత చేసినా అమ్మ కత్తెర చప్పుడు పాటల పడ్డది. అమ్మ పరేషానై చాట ఎత్తుకొని వాకిట్లకు పోబోతుంటే మమత చెయ్యి పట్టి ఆపింది. "ఉండనీయ్ అమ్మా, గదే మన తాళం," అన్నది. అమ్మ సిగ్గుపడ్డది. తర్వాత మమత పాడుతుంటే, దానికి తగ్గట్టుగ, ఆకు కత్తిరించింది. మా అమ్మ ఒక పాటల వాయించిందని నేను మా ఆయనకు కూడ చెప్పలే. చెప్తే మిగిలింది చెప్పాల్సొస్తది.

వీడియో ఎడపల్లిల తీసినం. చలికాలం మొదలైతున్నది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందైనంక ఆ దిక్కు అందరూ చెరుకు ఇడిచి వరికి మళ్లిండ్రు. మమత వాళ్ల బాపు మాత్రం ఒక మడి చెరుకు ఉంచుకున్నడు. ఎందుకుంచినవ్ అంటే, "అది లేకుంటే నాకు పొలం లెక్క అనిపియ్యది," అన్నడట. ఆ చెరుకుల మేము తిరగని జాగ లేదు. సంజు ఎవరిదో మోపెడు అడుక్కొచ్చి, ఎనుకకు తిరిగి కూసొని కెమెరా పట్టుకుంటే, నేను హ్యాండిల్ పట్టి ఆ బండిని గుంజుకుంట ఉరికిన. మమత సద్ది గిన్నె పట్టుకొని మా ఎనుక నడిచింది. ఆకులు కోసుకొని నా చేతులు మండినయి. అంత సంతోషం నాకు అంతకు ముందు తెల్వదు. తర్వాత కూడ తెల్వదు.

బాపును కెమెరా ముంగటికి రమ్మంటే రాలే. "నాదేం మొఖం బిడ్డా," అని చెరుకులకు పోయిండు. సరే అని మేము మమతను ఒక్కదాన్నే తీస్తున్నం. ఆమె గట్టు మీద నిలబడి, ఏ మడిల ఉన్నవు, ఒక్కసారి పలుకరాదా అని పాడింది. లోపల ఎక్కన్నుంచో ఆయన గొంతు వచ్చింది.

"ఓయ్! ఈడున్న బిడ్డా!"

మేము చెప్పలే. ఎవరూ చెప్పలే. బిడ్డ పిలిస్తే పలికిండు, అంతే. ఆ తర్వాత గడలు పక్కకు జరుపుకుంట బయటికొచ్చి, కెమెరా ఇంక తిరుగుతున్నదని చూసి, తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్విండు. సంజు కెమెరా దించలే. ఆ షాటుతోనే పాట అయిపోవాలె అని ముగ్గురం ఒక్కసారే అనుకున్నం.

ఇగ ఎడిటింగు. నా లాప్‌టాప్‌ల జాగ లేదని సంజు వాళ్ల స్టూడియోల ఒక పాత హార్డ్ డిస్కు ఖాళీ చేసి తెచ్చి ఇచ్చిండు. షాట్లన్నీ అందులకు ఎక్కించి, కెమెరా కార్డు మళ్ల వాళ్ల పప్పాకు ఇచ్చేసిండు. రోజూ కాలేజీ అయిపోంగనే ఇద్దరూ మా ఇంటికి వచ్చేటోళ్లు. బోధన్ బస్సు టైం దాక ఉండేటోళ్లు. అమ్మ మక్క గారెలు చేసేది. మా నడిమింట్ల నవ్వుకుంట కొట్లాడుకుంట, "గిది ముందు పెట్టు", "కాదు గిది" అనుకుంట. మా గల్లీల పిల్లలు దర్వాజల నిలబడి చూసేటోళ్లు. ఒక రోజు అమ్మ నాతో అన్నది, "ఇప్పుడు ఇల్లు ఇల్లు లెక్కుంది." నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే సురువైంది. పని తొందరగ అయితున్నదని నాకు భయం పట్టుకున్నది. ముందు చిన్న చిన్నవి చేసిన. బాగున్న కోత బాగలేదని మళ్ల తీసేసిన. రంగు కుదరలేదన్న. వాళ్లు నమ్మిండ్రు. నన్ను పనిమంతురాలు అనుకున్నరు. నేనేం చేస్తున్ననో నాకు తెల్వదా? తెల్సు. కని అప్పుడు దానికి పేరు పెట్టలే.

పంపాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ఒక పొద్దుమీకి మమత బస్సుకు లేసుకుంట, చెప్పులేసుకుంట, మామూలుగనే అన్నది: "రేపటితోని అయిపాయె. ఇగ మీ ఇంటికి వచ్చుడు ఉండది." నవ్వుకుంటనే అన్నది. సంజు కూడ నవ్విండు. వాళ్లు గల్లీ మలుపు తిరిగేదాక నేను వాకిట్లనే నిలబడ్డ.

తెల్లారి కాలేజీకి పోలే. లాప్‌టాప్‌ల నా సినిమాలన్నీ తీసేసి జాగ చేసిన. షాట్లన్నీ అందులకు మార్చిన. ఆ తర్వాత సంజు డిస్కును ఫార్మాట్ కొట్టిన. మళ్ల ఎవరూ తీయకుండ, పూర్తిగ.   

సాయంత్రం ఇద్దరొచ్చిండ్రు.

"డిస్కు ఓపెన్ అయితలేదు," అన్న.

సంజు ముందు నవ్విండు. "వైరు ఊడింది కావచ్చు."

"వైరు కాదు. పొద్దటి సంది చూస్తున్న. అంత ఖాళీ చూపిస్తున్నది."

వాడు డిస్కు చేతులకు తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని ఇన్నడు. వాని మొఖం నా కండ్ల ముంగట్నే మారింది. "పాతదే గిది," అన్నడు మెల్లగ. "కొత్తది తేవాలె ఉండె. పప్పా చెప్పిండు గూడ. నేనే నడుస్తది అన్న." మమత దిక్కు తిరిగిండు. "మమతా, తప్పు నాది."

"తప్పేమున్నది," అన్నది మమత. "మళ్ల తీద్దాం. చెరుకు ఇంక కొట్టలేదు గద."

మళ్ల తీద్దాం. గా మాట కోసమే గద నేను గంత చేసింది! పోటీ పోతే పోనీ. మళ్ల మోపెడు, మళ్ల గట్టు, మళ్ల మా ఇల్లు. ఒక నెల నడిపించి, అప్పుడు "దొరికినయి" అని చెప్పాలని కూడ అనుకున్న. నిజంగ అనుకున్న. నా మీద నాకు ఇప్పుడు నమ్మకం లేదు కని, అనుకున్నట్టే యాదికున్నది.

సంజు ఆ డిస్కు పట్టుకొని బస్టాండు దగ్గర రిపేరు దుకాణానికి పోయిండు. నేను కూడ పోయిన, తోడుగ. దుకాణపాయన చూసి, "పాత డిస్కులు గిట్లనే పోతయి తమ్మీ," అన్నడు. నేను పక్కన నిలబడి తలూపిన.

మళ్ల తియ్యలే. మేము పోదామనుకున్న వారంలనే మమత వాళ్ల బాపు చనిపోయిండు. పొలంకెల్లి వచ్చి ఛాతిల నొప్పి అన్నడట. బోధన్ దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది.

పదకొండో దినం నాడు నేను, సంజు ఎడపల్లి పోయినం. వాకిట్ల టెంటు కింద చుట్టాలు కూసున్నరు. బాపు ఫోటోకు దండ ఏసి ఉన్నది. ఓటరు కార్డు ఫోటోను పెద్దగ చేయించిండ్రు. ఆ ఫోటోల ఆయన ఎవరో తెల్వని మనిషి లెక్క ఉన్నడు. మమత మా దగ్గరికొచ్చింది. కండ్లు ఎండిపోయి ఉన్నయి. నన్ను చూడలే. సంజునే చూసింది.

"మా బాపు గొంతు ఎక్కడా లేదు సంజూ," అన్నది. "ఫోన్ల గూడ లేదు. ఎవరి దగ్గరా లేదు. నీ డిస్కుల ఉండె. గా ఒక్కటి సక్కగ పెట్టలేకపోతివా?"

సంజు చేతులు ముందట కట్టుకొని నిలబడ్డడు, చిన్నప్పుడు సారు ముంగట నిలబడ్డట్టు. నేను వాని పక్కనే ఉన్న. నా భుజం వాని భుజానికి తాకుతున్నది.

నేను అన్నిటికన్న ఎక్కువ తల దించుకునేది ఈ రోజుకే. మొదటి అబద్ధం నేను మనుషుల కోసం చెప్పిన. దాన్ని మీరు పిచ్చితనం అనుకోవచ్చు. కని ఆ వాకిట్ల నేను నోరు మూసుకున్నది దేని కోసం? ఒక్క మాట అంటే చాలు, బాపు గొంతు ఉన్నది, నా దగ్గర ఉన్నది అంటే, ఆ పిల్ల ఏడ్చుకుంటనో తిట్టుకుంటనో ఇంటుండె, సంజు తల ఎత్తుకుంటుండె. నేను లెక్కేసుకున్న. చెప్తే ఇద్దరూ పోతరు. చెప్పకుంటే మమత సంజును ఇడుస్తది, అంతే, నేను ఇద్దరికీ ఉంట. గట్ల లెక్కేసిన, చావు ఇంట్ల నిలబడి.

లెక్క కూడ తప్పింది. మమత కాలేజీకి వచ్చుడు తగ్గిచ్చింది. పరీక్షలకు మాత్రం వచ్చి రాసి పోయింది. సంజు నాతో మాట్లాడుతుండె గని, కండ్లల్ల కండ్లు పెట్టి చూడకపోతుండె. నా కష్టం కూడ వాని వల్లనే పోయిందని వాని బాధ. మా ఇంటికి ఎవరూ రాలే. అమ్మ కొన్ని రోజులు అడిగింది, పిల్లలు వస్తలేరేందే అని. తర్వాత అడుగుడు ఇడిచిపెట్టింది.

నేను పాటను పూర్తి చేసిన. అవును. ఆ ఎండాకాలం, అమ్మ బీడీలు అప్పజెప్పి రాను పోయిన పొద్దుల్ల, ఒక్కొక్క కోత కుదిరించి, వాళ్లు అన్నట్టే, ఎవరు ఏది ముందు పెట్టాలన్నరో యాది చేసుకొని, పూర్తి చేసిన. మంచిగొచ్చింది. చాన మంచిగొచ్చింది. చూసింది నేనొక్కదాన్నే. పెండ్లయినంక కూడ, ఇంట్ల ఎవరూ లేనప్పుడు పెట్టుకొని చూసేదాన్ని. షాటుకు షాటుకు నడుమ పనికిరాని ముక్కలుంటయి గద, అవి ఇంకెక్కువ చూసేదాన్ని. మోపెడు ఆగిపోతే సంజు మరాఠీల తిట్టుడు. మమత ముక్కు మీద చెమట తుడుచుకొని నా దిక్కు చెయ్యి ఊపుడు. ఒక ముక్కల నా నీడ పడ్తది, గట్టు మీద, వాళ్లిద్దరి నీడల నడుమ. ఆ ముక్కను ఎన్ని సార్లు చూసిననో.

ఇద్దరి దగ్గర్నుంచి గుంజుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే కూసొని తిన్న. గిట్ల అంటేనే సరిగ ఉన్నది.

మొన్న ఎండాకాలం బోధన్‌ల మా ఆయన దిక్కు చుట్టాల పెండ్లికి పోయిన. ఫంక్షన్ హాల్ల సంజు కనపడ్డడు. జుట్టు ముందట పలుచబడ్డది. నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డుల గుమస్తాగ చేస్తున్నడట. స్టూడియో ఎప్పుడో ఎత్తేసిండ్రట. పెండ్లి వీడియో తీసే పిలగాడు వాళ్ల పప్పా దగ్గర పని నేర్చుకున్నోడే. "అన్నా, జరసేపు కెమెరా పట్టుకో, నీళ్లు తాగొస్త," అన్నడు. సంజు రెండు చేతులూ ఎనుకకు తీసుకున్నడు. "వద్దు తమ్మీ. నాకు అచ్చిరాదు."

తర్వాత నా దగ్గరికొచ్చిండు. బాగున్నవా, పిల్లలెంతమంది అని అడిగిండు. "ఆ దినాలల్ల నీ కష్టమంత నా వల్ల మట్టిల కలిసింది," అన్నడు. "నీకు ఎప్పుడూ సారీ చెప్పలే. మనసుల ఉండిపోయింది."

నాకు సారీ చెప్పిండు. సంజు, నాకు. నేను "అయ్యో, ఇప్పుడెందుకు" అన్న. ఇంతల మా ఆయన పిలిచిండు. పోయిన.

ఆ తర్వాత ఆ పాట చూడలేకపోయిన. పెడితే వాని చేతులే కనపడ్తున్నయి, ఎనుకకు తీసుకున్న చేతులు.

పోయిన నెల ఎడపల్లి పోయిన. మమత ఇప్పుడు దవాఖానల నర్సు. ఆ రోజు ఇంటికాడ్నే ఉంది. చాయ్ పెడ్త అన్నది. వద్దన్న. ముందు చెప్పిన, కూసోకుంట, నిలబడే చెప్పిన. ఆమె మొదట సమజ్ కానట్టు చూసింది. నేను నా ఫోన్ల పాట పెట్టి చేతికిచ్చిన.

చివరికి ఆ పిలుపు వచ్చింది. ఓయ్, ఈడున్న బిడ్డా.

లోపల వంటింట్ల గిన్నె కింద పడ్డది. మమతను కన్న అవ్వ చేతులకు జొన్నపిండితోని బయటికొచ్చింది. "ఎవలు?" అన్నది. "ఎవలు మాట్లాడింది?" మమత ఫోను ఆమె ముంగట పట్టింది. అవ్వ ఇంకా దగ్గరికొచ్చి చూసింది. "మల్లొకసారి పెట్టు బిడ్డా." పెట్టింది. "గీ అంగి నేనే ఉతికిన," అన్నది అవ్వ. "ఆ పొద్దుగాల నేనే ఉతికిన. ఇంక ఆరకముందే ఏస్కపోయిండు, సూడు." నా దిక్కు ఆమె చూడనే లేదు. నేను అక్కడ ఉన్నట్టే ఆమెకు తెల్వదు.

మమత నన్ను వాకిట్లకు తీసుకొచ్చింది.

"సంజుకు చెప్పినవా?"

"లేదు. ముందు నీకు..."

"నేను సంజు మొఖం మీద ఏమన్ననో యాదున్నదా నీకు?"

"ఉన్నది."

"పక్కనే నిలబడి ఇన్నవ్."

"ఇన్న."

"నాతోని ఆ మాట అనిపించినవ్ గదనే," అన్నది. గొంతు పెంచలే. "బాపును దాచినవ్, అదొకటి. నాతోని ఆ మాట ఎందుకు అనిపించినవ్?"

 పాట ఆమె ఫోనుకు పంపిన. "ఇగ పో," అన్నది. పోయిన.

తెల్లారి సంజుకు ఫోన్ చేసిన. యార్డుల ఉన్నడు, ఎనుక హమాలీల మాటలు, బస్తాలు పడ్తున్న చప్పుడు. డిస్కు పోలేదు సంజూ, నేనే ఖాళీ చేసిన, నీ తప్పు ఏం లేదు, ఆ రోజు కూడ లేదు అని చెప్పిన. ఎందుకు చేసిననో కూడ చెప్పిన. మీరు రావుడు బందైతదని చేసిన అంటుంటే నా మాట నాకే ఎంత పలుచగ వినపడ్డదో.   వాడు ఒక్కటే అడిగిండు.

"బాపు బయటికొచ్చే షాటు... అది ఎట్లొచ్చింది?"

"మంచిగొచ్చింది."

"ఫోకస్ పోలేదా? ఆయన ఒక్కసారే వచ్చిండు గద. నాకు అప్పటి సంది అనుమానమే."

"పోలే. కండ్లు కూడ సాఫ్‌గ కనపడ్తున్నయి."

"అచ్ఛా," అన్నడు. ఫోను పెట్టేసిండు.

వానికి కూడ పాట పంపిన. చూసినట్టు ఫోన్ల నీలి టిక్కులు పడ్డయి. ఏం రాయలే. మమత నుంచి కూడ ఏం లేదు. వాళ్లిద్దరు మాట్లాడుకున్నరో లేదో తెల్వదు. మాట్లాడుకుంటే బాగుండు అనుకుంట, ఆ మాటల్ల నేను ఉండకున్నా సరే. ఉండాలని ఇప్పటికీ ఆశ ఉన్నది, అబద్ధమెందుకు. ఆ నడిమింట్ల మళ్ల ముగ్గురం కూసోవాలని ఉన్నది. అది కాదని తెల్సు.

మాఫ్ చెయ్యమని ఇద్దరినీ అడగలే. అడిగితే మళ్ల వాళ్ల దగ్గర ఏదో తీసుకుంటున్నట్టే ఉన్నది. మీరు కూడ నాకేం చెప్పకుండ్రి. పోనీ తియ్, చిన్నతనంల చేసినవ్ అని అసలే అనకుండ్రి.

ఆ డిస్కు నేనే ఖాళీ చేసిన. సంజు తప్పు ఏం లేదు. గింత చెప్పడానికి ఎనిమిదేండ్లు పట్టింది. ఇప్పుడు ఎవరు అడిగినా చెప్త.